పదును గోడవైపు

మా మేనత్త పోయింది. తెనాలిలో, సొంత ఇంటి హాల్లో, కిటికీ పక్క కుర్చీలో, ఒళ్లో జామకాయ పళ్లెంతో, సాయంత్రం టీ వేళకు. బాపట్లలో ఉన్న నాకు ఈ సమాచారాన్ని ఆవిడ కోడలు ఫోనులో తెలియజేసింది. "అన్నయ్యగారూ, అత్తయ్యగారు..." అని ఆగిపోయింది.

మరణించినవారు తీరని లోటు మిగిల్చి వెళ్లడం సంతాప తీర్మానాలలో ఆనవాయితీ. మా మేనత్త ఒక మడత చాకును కూడా మిగిల్చింది. లోటు సంగతి కుటుంబ సభ్యులు చూసుకుంటారు. చాకు విషయమై పాఠకులకు ఒక నివేదిక సమర్పించవలసిన బాధ్యత, దానిని కొని తెచ్చినవాడిగా, నా మీద ఉంది.

ఆవిడ ఉద్యోగం రేపల్లెలో, ఉన్నత పాఠశాలలో సైన్సు టీచరుగా. కాపురం తెనాలిలో. కాబట్టి జీవితంలో గణనీయమైన భాగాన్ని ఆవిడ రేపల్లె ప్యాసింజరులో నివసించింది. చేతిసంచిలో కొయ్య పిడి ఉన్న పాత మడత చాకు ఒకటి ఉండేది, బ్లేడు మీది గాడిలో గోరు పెట్టి లాగి తెరిచే రకం. పొద్దున రైల్లో జామకాయ, పగలు క్లాసులో నిలువుగా చీల్చి చూపించే మందార పువ్వు, సాయంత్రం మళ్లీ రైల్లో మామిడికాయ: ఇవి దాని విధులు. మధ్యలో కడిగేదా అని ఆవిడ శిష్యులు కొందరు ఇప్పటికీ సందేహం వెలిబుచ్చుతుంటారు. కడిగేది.

ఆవిడ కూర్చున్న రైలు పెట్టెలో కొన్ని నిబంధనలు అమలులో ఉండేవి. చాకు ఒక చేతి నుంచి మరో చేతికి వెళ్లకూడదు. పదును అవతలి వైపుకు ఉండేలా సీటు మీద పెట్టాలి, కావలసినవారు తీసుకోవాలి. చేతికిస్తే తగాదా వస్తుందన్నది మన ఇళ్లలో అందరూ చెప్పేదే. సైన్సు చెప్పే మనిషివి నువ్వు కూడా ఇదేంటత్తయ్యా అని నేనొకసారి అడిగాను.

"తగాదా సంగతి నాకు తెలీదురా," అంది. "రైలు కుదుపుకి వేలు తెగుతుంది. ఆ మాట చెప్తే ఎవరూ వినరు. తగాదా వస్తుందను, కలెక్టరైనా కింద పెడతాడు."

రెండో నిబంధన ఇంకా కఠినమైనది. కోసినవాళ్లు చివర తినాలి. అందరూ తలో ముక్కా తీసుకున్నాక ఏది మిగిలితే అదే కోసినవాళ్లది. "అప్పుడు చూడు, ముక్కలు ఎంత సమానంగా వస్తాయో," అనేది. ఆవిడ కోసిన కాయను నేను చిన్నప్పటి నుంచి తింటూ వచ్చాను. ఏ ముక్క తీసుకోవాలో తేల్చుకోలేక ఇబ్బంది పడిన సందర్భాలే అన్నీ.

పదవీ విరమణ తరవాత కొన్నేళ్లకు ఆవిడకు పక్షవాతం వచ్చింది. మాట నిలబడింది, కుడి చెయ్యి నిలబడింది. ఎడమ చెయ్యి మాత్రం విధులకు హాజరు కావడం మానుకుంది. కొడుకు ఉద్యోగం దూరపు ఊళ్లో గనక ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లే. తక్షణమే భద్రతా చర్యలు చేపట్టారు. కత్తిపీట అటకెక్కింది. వంటింటి చాకులు బీరువాలోకి వెళ్లాయి. కోడలిది బ్యాంకు ఉద్యోగం గనక తాళం వేయడంలో ఏ లోపమూ జరగలేదు. ఒంటి చేత్తో తెరవడం సాధ్యం కాదు కాబట్టి పాత మడత చాకును మాత్రం నిరపాయకరమైన వస్తువుగా గుర్తించి ఆవిడ దగ్గరే ఉండనిచ్చారు.

అప్పటి నుంచి పండు కోసిన రూపంలోనే ఆవిడ ముందుకు వచ్చేది. చెక్కు తీసి, గింజలు తీసి, స్టీలు గిన్నెలో వేసి, పైన ఫోర్కు గుచ్చి. కోడలు చేసిన సేవలో ఎవరూ వంక పెట్టలేరు. నేను చూడడానికి వెళ్లినప్పుడు మా మేనత్త ఆ గిన్నె వైపు చూస్తూ, "మొదటి ముక్కా నాదే, చివరి ముక్కా నాదే. ఇదేం పంపకంరా?" అంది.

ఒకనాడు కోడలు బ్యాంకు నుంచి వచ్చేసరికి, ఆవిడ చాకు పిడిని మోకాళ్ల మధ్య బిగించి, ముందుకు వంగి, బ్లేడును పళ్లతో లాగుతోంది. తరవాత జరిగిన సంభాషణను ఇద్దరూ నాకు విడివిడిగా ఫోను చేసి చెప్పారు. రెండు కథనాలకూ తేడా లేదు.

"ఏంటత్తయ్యగారూ ఇది! పెదవి తెగితే?"

"తెగితే నా పెదవేగా. పన్ను కూడా నాదే, కట్టించుకున్నది కాదు."

"మీకేమన్నా అయితే ఊళ్లో అందరూ నన్నంటారండి. చాకుని ఎవరూ అనరు."

ఇద్దరి మాటా న్యాయమే. ఇటువంటి తగాదాలలో తీర్పు చెప్పేవాడు ఉండడు గనక పాత చాకు కూడా బీరువాలోకి వెళ్లింది. మా మేనత్త పండు తినడం మానేసింది. నిరాహార దీక్షగా ప్రకటించలేదు. గిన్నె పక్కన పెట్టి, "తరవాత తింటాలే" అనేది, అంతే. కోడలు సాయంత్రం ఆ గిన్నెను వంటింట్లోకి తీసుకెళ్లేది. అత్త హాల్లో, కోడలు వంటింట్లో, మధ్యలో టీవీ.

ఈ పరిస్థితుల్లో నేను జోక్యం చేసుకున్నాను. ఒంటి చేత్తో తెరవగల మడత చాకులు ఉన్నాయని తెలిసి, ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. పెట్టె మీద మంచు కొండలు, దేవదారు చెట్లు, ఒక గుడారం. అరణ్యంలో ఒంటరిగా మనుగడ సాగించేవారికి ఇది ఉపయుక్తమని వివరణ. మా మేనత్త మనుగడ సాగించవలసింది తెనాలిలో, టీవీకీ ఫ్రిజ్జుకీ మధ్య. అయినా ఆ వివరణలో నాకు అబద్ధమేమీ కనిపించలేదు.

ఆదివారం బాపట్లలో రైలెక్కి తెనాలి వెళ్లాను. పెట్టె విప్పి చాకును ఆవిడ పక్కనున్న టీపాయి మీద పెట్టాను. చేతికివ్వనందుకు నా వైపు మెచ్చుకోలుగా చూసింది. కోడలు వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

మా మేనత్త కొత్త చాకును జవాబు పత్రం దిద్దినట్టు పరిశీలించింది. అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది.

"పాతది సంచిలో ఉన్నట్టే తెలిసేది కాదు. ఇది నేనున్నాను, నేనున్నాను అంటోంది. నల్లగా ఏంటిరా, కళ్లజోడు డబ్బాలా? ఈ బొడిపె ఏంటి, పుట్టుమచ్చలా?"

"దాన్ని బొటనవేలితో పైకి నెట్టత్తయ్యా."

నెట్టింది. బ్లేడు గిర్రున తిరిగి బయటికొచ్చి టక్కుమని నిలబడింది. ఆవిడ ఉలిక్కిపడి, ఆ తరవాత నవ్వింది. పక్షవాతం వచ్చాక ఆ నవ్వు ఒక పక్కకు ఒరిగి ఉండేది. ఆ రోజు దాదాపు తిన్నగా వచ్చింది.

"గడియ వేసినట్టుందే! అమ్మాయ్, ఆ తువ్వాలు తడిపి పట్రా. జామకాయ కూడా."

తడి తువ్వాలును ఒంటి చేత్తో చుట్టగా చుట్టి, కుండ కింద కుదురులా పళ్లెంలో అమర్చింది. అందులో కూర్చోబెట్టిన జామకాయ కదలలేదు. చాకు దిగింది. ముక్కలు సమానంగా వచ్చాయి. నేనొకటి తీసుకున్నాను. కోడలు గుమ్మం దగ్గర నుంచి వచ్చి ఒకటి తీసుకుంది. మిగిలిన ముక్కను మా మేనత్త కళ్లు మూసుకుని తింది. నివేదిక ఇక్కడితో ముగిసి ఉంటే నాకు మంచి పేరు వచ్చేది.

చాకును మూయాలి. లోపల ఒక సన్నటి రేకు వచ్చి బ్లేడుకు అడ్డంగా నిలబడుతుంది. దానిని బొటనవేలితో పక్కకు నొక్కి పట్టి, రెండో చేత్తో బ్లేడును మడవాలి. తెరవడానికి ఒక చెయ్యి చాలునన్న విషయం చూసి ఆనందించిన నేను, మూయడానికి ఎన్ని కావాలో చదవలేదు. ఎం.ఏ. చదివినవాడి పరిశోధన ఇంతవరకే వెళ్లింది.

మా మేనత్త బ్లేడును మోకాలికి ఆనించి మడవబోయింది.

"ఆగండాగండి! ఆ పని మాత్రం చెయ్యకండి. ఇటివ్వండి," అంటూ కోడలు చెయ్యి చాపింది.

ఆవిడ ఇవ్వలేదు. చాకును టీపాయి మీద, పదును గోడవైపు ఉండేలా పెట్టింది. "తీసుకో."

"చేతికివ్వచ్చు కదండీ."

"చేతికిస్తే మనకి తగాదా వస్తుంది. ఇప్పుడున్నవి సరిపోవడం లేదా?"

కోడలికి నవ్వొచ్చింది. ఆపుకోవడానికి ప్రయత్నించి విఫలమైంది. చాకును తీసుకుని, తుడిచి, రేకు నొక్కి మూసింది. మా మేనత్త నా వైపు తిరిగి, "తెరవడంలో ఫస్టు క్లాసురా. మూయడంలో ఫెయిలు. దానికి ఈ అమ్మాయి ట్యూషన్ చెప్తుందిలే," అంది.

ఆ విధంగా అధికార విభజన జరిగింది. తెరిచే అధికారం అత్తది, మూసే అధికారం కోడలిది. తెరిచిన చాకు ఇంట్లో అలా పడి ఉండకూడదు గనక కోడలు ఇంట్లో ఉన్నప్పుడే తెరవాలి. మూయవలసినది తనే గనక కోయడం పూర్తయ్యేదాకా పక్కనే కూర్చోవాలి. బ్యాంకు నుంచి వచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్లే మనిషి, టీ పెట్టుకుని హాల్లోకి రావడం మొదలైంది. కోయడానికి పట్టే సమయం రోజురోజుకూ పెరిగిందని నా అనుమానం. ఫోను చేస్తే వెనక నుంచి, "ఇంతకీ మీ మేనేజరు ఏమన్నాడే?" అని వినిపించేది. "అమ్మాయ్" అనే సంబోధన ఎప్పుడు "ఏమే"గా మారిందో ఎవరూ ప్రకటించలేదు.

ఒకసారి ముగ్గురం రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. ఊళ్లో పనేమీ లేదు. కొత్త చాకుకు ఆ రైలు చూపించాలని మా మేనత్త పట్టుదల. పళ్లెం ఒళ్లో పెట్టుకుని టక్కుమని తెరిచేసరికి ఎదుటి సీటువాళ్లంతా ఉలిక్కిపడ్డారు. తరవాత జామకాయ ముక్కలు తిన్నారు. ఆవిడ చాకును సీటు మీద పెట్టగానే ఒకామె సాయం చేయబోయి, అటూ ఇటూ నొక్కి, "ఇదెట్టా మూసుకుంటుందండీ, పిన్నిగారూ?" అని అడిగింది.

కోడలు ముందుకు వంగి, "ఉంచండి, ఆ పోస్టు నాది," అంది.

మా మేనత్త కిటికీలోంచి వరిచేలను చూస్తూ కూర్చుంది. అంత గర్వంగా ఆవిడను నేను ఎన్నడూ చూడలేదు.

పెద్దకర్మ అయ్యాక, బంధువులు వెళ్లిపోయిన రోజు, నేను తెనాలిలోనే ఉన్నాను. కోడలు షోకేసు పైనుంచి చాకును దించి తెచ్చింది. తెరిచే ఉంది. మా మేనత్త పోయిన సాయంత్రం ఏం జరిగిందో అప్పుడు చెప్పింది.

"నేను వంటింట్లో టీ పెడుతున్నానండి. టక్కుమని వినపడింది. వస్తున్నానత్తయ్యగారూ అన్నాను. గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి అంతే. ఒక్క ముక్క కోశారు. అది పళ్లెంలో నా కుర్చీవైపు జరిపి ఉంది. చాకు ఆవిడ చేతిలోనే ఉంది."

చాకు పిడిని చీర కొంగుతో తుడిచింది.

"కింద పెట్టలేదన్నయ్యగారూ. చేతిలోంచి నేనే తీసుకున్నాను. చేతి నుంచి చేతికి. మరి తగాదా రావాలి కదండీ. ఎవరితో పడమంటారు?"



ఆ అమ్మాయి చాకును టీపాయి మీద, పదును గోడవైపు ఉండేలా, నెమ్మదిగా పెట్టింది. వంటింట్లో టీ మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇద్దరం చాకు వైపు చూస్తూ కూర్చున్నాం. దానిని మూయడం మా ఇద్దరికీ వచ్చు.