స్ప్రింగు రాలేదప్పా

మా తుపాకుల మామ పోయాడని పొద్దున్నే టీ బంకు దగ్గర విన్నాను. చెప్పినవాడు చేతిలో గ్లాసు కూడా దించలేదు. "పాపం మంచోడేలే. రిపేరు మాత్రం రాదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. మనిషిని ఇంకా మట్టికి తీసుకుపోలేదు, ఆయన పనితనాన్ని అప్పుడే పూడ్చేశారు. ఆ టీ అక్కడే వదిలేసి వచ్చాను. అందుకే ఇది రాస్తున్నాను.

మామ నాకు చుట్టమేమీ కాదు. కర్నూల్లో మా వీధి చివర ఆయన తుపాకుల రిపేరు దుకాణం. చిన్న షట్టరు, గొలుసు వేసిన తుపాకుల వరస, బయట ఒక చెక్క బెంచీ. ఎవరి అడుగు చప్పుడైనా సరే, తలెత్తకుండానే "ఎవరప్పా, కూర్చో" అనేవాడు. అడవిపందులు పంట తింటున్నాయని లైసెన్సు తెచ్చుకున్న రైతులు ఆయన గిరాకీలు. పందుల కన్నా పక్క చేనోడి మీదే కోపం ఎక్కువున్నవాళ్లు కూడా అందులో ఉండేవాళ్లు.

అంత సరుకు మధ్య కూర్చునే మనిషికి టపాకాయలంటే భయం. తెలిశాక నేను ఊరుకుంటానా? ఒక దీపావళికి షట్టరు పక్కనే లక్ష్మీబాంబు కాల్చాను. చెవులు మూసుకుని బయటికొచ్చి, "నా దుకాణంలో సరుకెప్పుడన్నా ఇట్ల అరిసిందా రా? దానికుండే మర్యాద నీకు లేదు" అన్నాడు. ఆ వెంటనే టీ తెప్పించాడు. తిట్టినా టీనే, మెచ్చినా టీనే.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులను స్టేషన్లోనో దుకాణంలోనో అప్పజెప్పాలి కదా, చాలామంది మామ దగ్గరే పెట్టేవాళ్లు. ఒకరి మొహం ఒకరు చూడని ఇళ్ల తుపాకులు ఒకే వరసలో ఆనుకుని నిలబడేవి. అన్నిటికీ ఒకే గుడ్డతో నూనె పట్టేవాడు. "ఈడ ఎంత బుద్ధిగా ఉండాయో చూడు. ఇండ్లకు పోతేనే సెడిపోతాయి" అనేవాడు.

ఇక ఆయనకు రాని రిపేరు సంగతి. మా అన్న తన తుపాకీ ట్రిగ్గరు పట్టేసిందని ఇచ్చిపోయాడు. ఒక రోజు నేను పక్కన కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటుంటే మామ దాన్ని విప్పి, స్ప్రింగు మార్చి, మళ్లీ బిగించాడు. ఉత్త తుపాకీ నొక్కి చూస్తే టక్కుమంది. "అయిపాయ" అన్నాడు.

ఆ సాయంత్రమే అన్న వచ్చాడు. మోటారు సైకిలుకు స్టాండు కూడా వేయలేదు, గోడకు ఆనించి దిగాడు. బనగానపల్లె దగ్గరున్న మా మామిడితోట గట్టును పక్క తోట ఆసామి జరిపాడట.

"సాయిబూ, నా తుపాకీ తే."

"స్ప్రింగు రాలేదప్పా. హైదరాబాదు నుంచి రావాల."

నేను నోరు తెరిచాను. బల్ల కింద మామ కాలు నా కాలి వేళ్లను తొక్కింది. మూశాను.

"చేతకాకుంటే చేతకాదని చెప్పు. ఇంకో చోట ఇచ్చుకుంటా."

"చేతకాదనే అనుకో. కూర్చో, టీ తాగి పోదువు."

"నీ టీ ఎవునికి కావాల? పనికిరానోడా!"

అన్న కూర్చోలేదు. ఆ తిట్లకు పక్క కొట్లవాళ్లు తొంగి చూశారు. మామ బల్ల తుడుస్తూ అన్నీ విన్నాడు. అన్న ఉత్తచేతులతో తోటకు పోయి, గొంతు పోయేదాకా అరిచి, ఇంటికొచ్చి పడుకున్నాడు.

"ఏం మామా, టక్కుమనింది గదా?" అన్నాను.

"కోపంతో వచ్చినోనికి నా దగ్గర స్ప్రింగు రాదురా."

"నీ పేరు పోతాది."

"పోనీలే. నువ్వు మాత్రం యాడా నోరు జారొద్దు. తెలిసిందనుకో, రేపు ఇంకొకడు వస్తే నా మాట నమ్మడు."

ఊరందరి గుట్టూ బజార్లో పెట్టే నోరు నాది. ఆ ఒక్కటీ మింగాను. కోపం చల్లారాక, హైదరాబాదులో బాగుచేయించానని చెప్పి మామ అన్న తుపాకీ అన్నకిచ్చాడు. "మామకు పని రాదు" అనే మాట మాత్రం ఊరంతా తిరిగింది. గిరాకీ పలచబడింది. షట్టరు రంగు పోతే మళ్లీ వేయించలేకపోయాడు.

మట్టి నాడు గోరీల దగ్గర జనం వేళ్ల మీద లెక్కపెట్టేంత ఉన్నారు. నేనూ గుప్పెడు మట్టి వేసి, తిన్నగా అన్న ఇంటికి పోయాను. అక్కడ అన్న మనవడికి పుట్టువెంట్రుకలు తీసిన విందు. అన్నా, ఆయన వియ్యంకుడూ పక్కపక్కన కూర్చుని తింటున్నారు. ఆ వియ్యంకుడు ఎవరనుకున్నారు? గట్టు జరిపిన ఆసామే. రాజీ అయ్యాక అన్న కొడుక్కి పిల్లనిచ్చాడు.

"అన్నా, మామ మట్టికి రాకపోతివే?"

"స్ప్రింగు ఎయ్యడం రానోని మట్టికి నేను పోవాల్నా?" అన్నాడు అన్న. వియ్యంకుడు నవ్వాడు.

ఇక ఆగలేదు. "ఆ స్ప్రింగు నువ్వు రాకముందే ఏసినాడు, నా కండ్ల ముందర. ఆ పొద్దు నువ్వు ఎవురి మీదికి పోతాంటివో, ఆయప్ప ఇప్పుడు నీ పక్కన కూచోని పాయసం తాగుతాండాడు."

వియ్యంకుడి చేతిలో గ్లాసు అక్కడే ఆగిపోయింది. అన్న విస్తరి పక్కకు జరిపాడు.

"అంటే, సాయిబు నాకు అబద్ధం చెప్పినాడా?"

మా అన్నకు అందులో కనపడింది అదొక్కటే. నేను తినకుండా వచ్చేశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం ఎండలో అటు పోతుంటే, మూసిన దుకాణం ముందు బెంచీ మీద అన్న కనిపించాడు. ఒళ్లో తన వైపు తిరిగి కూర్చున్న గుండు మనవడు. మామ బతికున్నన్నాళ్లూ కూర్చోమంటే కూర్చోని మనిషి. పిల్లోడు కాళ్లు ఆడిస్తూ వెనకనున్న షట్టరును తంతున్నాడు. తన్నినప్పుడల్లా అది గల్లుమంటోంది. లోపలి నుంచి ఎవరప్పా అని ఎవరూ అనలేదు.