వాసన రాని వేళ్లు

మెదక్‌లో పై అంతస్తులో రెండు గదులు కిరాయికి తీసుకుని, మొక్కల వేళ్లను సీసాల్లో పెంచే ప్రయోగశాల పెట్టినప్పుడు నాకు నా మీద ఏ సందేహమూ లేదు. పన్నెండేళ్లు హైదరాబాద్‌లో చేసిన ఉద్యోగం అదే. సుగంధిపాల వేళ్లను అడవిలో తవ్వకుండా, పోషకాలు కలిపిన నీళ్లలో పెంచి, వాటిలోని పరిమళ ద్రవ్యాన్ని తీయాలని నా ఆలోచన.

మొదటి మొక్కలు ఇచ్చింది బస్టాండు దగ్గర మూలికలు అమ్ముకునే ఒక అవ్వ. టేక్మాల్ దిక్కు ఆమె ఊరు. అమ్మడానికి కాదు, పెంచడానికి అంటే నమ్మలేదు గానీ, తడిగుడ్డలో చుట్టి జాగ్రత్తగా తెచ్చింది.

వాటి ముక్కలను సీసాల్లో పెడితే రెండుసార్లు బూజు పట్టింది. దానికి నేను బెదరలేదు. బూజు వచ్చిందంటే శుభ్రంలో ఎక్కడో లోపం ఉన్నట్టు, దిద్దుకోవచ్చు. మూడోసారి వేళ్లు సీసా నిండా తెల్లగా, సేమ్యాలా అల్లుకున్నాయి. సంబరంగా అవ్వను పిలిచి, ఒక వేరు కడిగి చేతిలో పెట్టాను. ఆమె నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ నలిపింది.

"వాసనేది బిడ్డా?"

నేనూ నలిపి చూశాను. పచ్చిగడ్డి వాసన తప్ప ఏమీ లేదు. నెల రోజులుగా బరువు తూచాను, పొడవు కొలిచాను, ఒక్కసారీ నలిపి చూడలేదు. సిగ్గేసింది.

"మస్తు తిండి వెడ్తున్నవు, ఏసీల వెట్టినవు. గిట్ల సుఖంగ వెరిగితే వాసనెట్లొస్తది? రాళ్ల సందుల మొలిచిందే ఘుమ్మంటది."

కష్టం తగిలినప్పుడే మొక్క తన రక్షణకు ఇలాంటి ద్రవ్యాలను ఎక్కువగా చేసుకుంటుందన్నది నేను చదివిందే, నలుగురికి చెప్పిందే. పెరుగుదల చూసి మురిసి, దాన్ని పక్కన పెట్టాను. ఆ సాయంత్రమే సీసాలను మూడు వరసలు చేశాను. ఒక వరసకు పోషకాలు తగ్గించాను. ఇంకో వరసలో, ఏదో సూక్ష్మజీవి దాడి చేసిందని వేరు భ్రమపడేలా, ఈస్ట్ సారం కలిపాను. మూడోదాన్ని ముట్టుకోలేదు.

పది రోజులకు ఈస్ట్ కలిపిన వేళ్లు గోధుమరంగుకు తిరిగాయి. మూత తీయగానే పరిమళం వచ్చింది. అయినా నా ముక్కును నేను నమ్మలేదు. మూడు వరసల వేళ్లనూ వేర్వేరు కాగితాల్లో చుట్టి, ఏది ఏదో చెప్పకుండా అవ్వ ముందు పెట్టాను. నేను ముట్టుకోని వరస వేరును పక్కన పడేసింది. పోషకాలు తగ్గించినదానికి "జరంత ఉన్నది" అంది. ఈస్ట్ వేరును నలిపి, "గిదీ సుగంధి!" అంది. తర్వాత హైదరాబాద్‌లో చేయించిన పరీక్షలోనూ అదే క్రమం వచ్చింది.

కాగితాలు మడుస్తూ ఆమె అడిగింది.

"మరి నువ్వు సీసాలల్లనే వెంచితే నా దగ్గర ఎవరు కొంటరు?"

"నా దగ్గర కొనేది మందుల కంపెనీలు అవ్వా. నీ గిరాకీ నీకే ఉంటది. గని అడివిల వేరు దొరుకుతలేదని నువ్వే అంటివి గద."

"గదైతే నిజమే." మడిచిన కాగితాలు నా చేతిలో పెట్టింది. "గట్లయితే నాకు మొక్కలియ్యి. మా చెల్కల వెట్టుకుంట."

ఆమె తెచ్చిన తీగల కణుపుల నుంచి సీసాల్లోనే మొక్కలు మొలిపించాను. కానీ సీసాలో పుట్టిన మొక్క ఒక్కసారిగా ఎండను తట్టుకోలేదు. నెల రోజులు నీడలో అలవాటు చేసి, వానలు పడ్డాక పంపాను. కొన్ని చచ్చాయి. నిరుడు వెళ్లి చూస్తే మిగిలినవి ఆమె మెట్టచెలక గట్టు పొడుగునా పాకి ఉన్నాయి. ఒకటి తవ్వి చూద్దామని వంగబోయాను.

"ఆగు బిడ్డా," అని అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఇంక రెండేండ్లు ఎండల ఉండనియ్యి."