చల్లకొచ్చిన టీచరమ్మ

పొద్దున పక్కింటి పిన్నిగారు చల్ల చిలుకుతుంటే, కవ్వం చప్పుడుతో పాటు ఆ పుల్లటి వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. నేను పాపను ఒళ్లో వేసుకుని జావ పడుతున్నాను. మొన్నటి నుంచి దానికి విరేచనాలు. పలచటి చల్ల పట్టమన్నారు డాక్టరుగారు. జగ్గయ్యపేటలో మా వీధి మొత్తానికి పాడి ఉన్నది ఆ ఒక్క ఇంట్లోనే. ఇదివరకు అడగకుండానే చెంబెడు పంపేవారు. ఈమధ్య జరిగిన ఎన్నికల్లో వాళ్లాయన ఒకవైపు, మా ఆయన ఒకవైపు తిరిగి, అరుగు మీద మాటా మాటా అనుకున్నాక రెండిళ్ల మధ్యా పలకరింపులు పోయాయి. పాప ఇప్పుడే నిద్రపోయింది. నుదురు తాకి చూసి, మళ్లీ చూసి, ఇది రాయడానికి కూర్చున్నాను. పొద్దుటి నుంచీ సుగుణమ్మ టీచరుగారే మనసులో ఉన్నారు.

మా పుట్టిల్లు నందిగామ నుంచి చందర్లపాడు వెళ్లే దారిలో ఒక చిన్న ఊరు. సుగుణమ్మగారు మా బడి టీచరు. ఊరికి ఆవల ఉన్న క్రైస్తవుల పల్లెలో పుట్టి, మిషను బడిలో చదువుకుని, ఆ పల్లె పిల్లలనూ ఊళ్లోని మమ్మల్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చదువు చెప్పిన మనిషి. కోపం తక్కువ. కాని ఊహించి జవాబు చెబితే మాత్రం ఊరుకునేవారు కాదు. "తెలిస్తే చెప్పు, తెలీకపోతే తెలీదను. మధ్యలో ఈ కల్పనేంటమ్మాయ్?" అనేవారు. నేను ఎక్కువ కల్పించేదాన్ని. ఈ మాట ఎక్కువ పడిందీ నాకే.

దేశంలో అందరికీ ఓటు వచ్చి మొదటిసారి ఎన్నికలు జరిగినప్పుడు నేను బళ్లో చదువుతున్నాను. పోలింగు మా బళ్లోనే. తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. ఆడవాళ్ల వేలికి సిరా పెట్టే పని టీచరుగారిది. మా నాయనమ్మ పట్టుచీర కట్టుకుని వెళ్లింది. పెట్టెలో కాగితం వేయడమంటే ఆమెకు హుండీలో వేసినట్టే. ఒక పెట్టెకు దణ్ణం పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే అపచారమేమోనని తెర బయటే ఆగిపోయింది. "దణ్ణం అన్నిటికీ పెట్టుకోండమ్మగారూ, కాగితం మాత్రం ఒక్కదాంట్లోనే వెయ్యండి" అన్నారట టీచరుగారు. లోపల అందరు దేవుళ్లనూ పలకరించి వచ్చానని నాయనమ్మ ఊరంతా చెప్పుకుంది.

మా నాన్న ఎడ్లబండి కట్టుకుని ఊరూరా తిరిగి ఎవరి కోసం పనిచేశాడో ఆ అభ్యర్థి ఓడిపోయాడు. ఆ మర్నాడు పొద్దున్నే నాన్న పెరట్లోకి వచ్చి, "పల్లెవాళ్లకు చల్ల పొయ్యొద్దు. మన చల్ల తాగి మన పెట్టెలో వెయ్యలా" అన్నాడు. చల్లను అమ్ముకోకూడదు, వచ్చినవాళ్లకు లేదనకూడదు. మా ఊరి మర్యాద అది. మిరపకోతలకు పోయే ఆడవాళ్లు తెల్లారేసరికి ముంతలతో మా పెరటి గోడ బయట నిలబడేవారు. జొన్నన్నంలోకి, పిల్లల కడుపులోకి వాళ్లకు ఆ చల్లే దిక్కు. ఆ పొద్దున ఖాళీ ముంతలతో తిరిగి వెళ్లారు.

మరుసటి రోజు వాళ్లతోపాటు టీచరుగారు కూడా ఒక ఇత్తడి చెంబు పట్టుకుని నిలబడ్డారు. అంతకుముందు ఎప్పుడూ ఆమె చల్లకు రాలేదు.

"మీరెందుకొచ్చారు టీచరమ్మా?" అన్నాడు నాన్న.

"చల్లకొచ్చి ముంత దాచడమెందుకండి, చల్లకే వచ్చా."

"మీకైతే పోయిస్తా. మీరు పోలింగప్పుడు లోపలే ఉన్నారుగా, ఎవరెటు వేశారో చెప్పండి. మనకేసినోళ్లకీ పోయిస్తా."

"తెరవతల నేను లేనండి. నాకు తెలీదు."

"ఆ మాత్రం ఊహించలేరా?"

"పిల్లలు ఊహించి చెప్తేనే ఒప్పుకోనండి, ఇక నేనెలా చెప్తా?"

నాన్న ముఖం ఎర్రబడింది. "నందిగామలో ఒక్క మాట చెప్తే మీకు బదిలీ అవుద్ది."

"అవుద్దేమోనండి. అక్కడికెళ్లినా నాకు తెలిసింది ఇంతేగా." చెంబు రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడ్డారు.

నాయనమ్మ కవ్వం ఆపి, "ఒరే, నేనెటు వేశానో నీకు తెలుసా?" అంది.

నాన్న తెల్లబోయాడు. "నువ్వు మనకు గాక ఎవరికేస్తావే?"

"అదీ ఊహేగా! నాకూ చల్ల ఆపుతావేంట్రా?"

గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నాన్న కండువా దులుపుకుని చావిట్లోకి వెళ్లిపోయాడు. వద్దని మాత్రం అనలేదు. నాయనమ్మ అందరికీ పోసింది. ఎప్పటిలాగే గోడ మీదుగా, ముంతలు తగలకుండా ఎత్తు నుంచే పోసింది. ఆ ఎత్తు తగ్గడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. కానీ ఆ వేసవిలో బడి పైకప్పు వానలకు ముందే నేయాల్సి వస్తే, తాటాకు నాన్న పంపాడు, పల్లెవాళ్లు నేశారు. అటు వేసినవాళ్లూ ఇటు వేసినవాళ్లూ ఒకే నిచ్చెన పట్టుకున్నారు. బదిలీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేను నందిగామ హైస్కూలుకు, ఆ తర్వాత కాలేజీకి వెళ్లడానికి నాన్నను ఒప్పించింది కూడా టీచరుగారే. పోయినేడు ఆమె పోయారని తెలిసేనాటికి నేను పురిటి మంచం మీద ఉన్నాను. వెళ్లలేకపోయాను.

తల్లినయ్యాక నా కల్పనలు మరీ పెరిగాయి. పాప దగ్గితే ఒక కథ, దగ్గకపోతే ఒక కథ. పక్కింటి పిన్నిగారు నా ముఖం మీదే తలుపు వేస్తారని పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అనుకున్నానో. ఆవిడ వేస్తారో లేదో నాకు తెలీదు. వెళ్లి అడిగితేనే తెలుస్తుంది.

ఇత్తడి చెంబు చింతపండుతో తోమి గడప దగ్గర బోర్లించాను. రేపు పొద్దున కవ్వం చప్పుడు వినపడగానే వెళ్తాను. చెంబు కొంగు చాటున పెట్టుకోను.