ఊరు చెప్పమన్న మాట నేను మింగినాను

గొంతులో చేప ముల్లు ఇరుక్కుంటే ఒక అన్నం ముద్ద నమలకుండా మింగితే దిగిపోతాది. మా ఇండ్లలో పసిపిల్లకి కూడా తెలిసిన వైద్యం. నాకు ఇరుక్కున్న ముల్లు మాత్రం ఏండ్లయినా దిగలా. ఎంత అన్నం తిన్నా ఆడనే ఉండాది.

నీ పేరు నాకు తెలీదు. నా పేరు నీకు చెప్పను. నేను అక్షరాలు దిద్దింది ముసలితనంలో, కోడలి దగ్గర. అందుకే రాతలో తప్పులుంటాయి, సర్దుకో. ఎవరికైనా చెప్పాల. దగ్గరోళ్లకి చెప్పే ధైర్యం ఇంకా చాల్లేదు. కాబట్టి ముందు నీకు చెప్తాను.

మాది పులికాట్ ఒడ్డున చేపలు పట్టే పల్లె. మా ఊళ్లలో కాపు అంటే కులం కాదు, ఊరి పెద్ద. కాపులు కూర్చుని ఒక కట్టుబాటు పెడితే దాన్ని దురాయి అంటాము. దురాయి పడినాక దాటేవాడు లేడు. దాటితే నీళ్లలో వల వెయ్యనియ్యరు, ఆ ఇంటికి అగ్గి కూడా ఇయ్యరు. పోలీసూ కోర్టూ మాకు ఆ తరవాతే. చానా కాలం నేనే పెద్దకాపును. ఇప్పటికీ అట్లనే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా తల వంచుకుంటాను. వినయం అనుకుంటారు.

ఒక ఏడు, సముద్రం పక్కన బొగ్గు కాల్చి కరెంటు తీసే ఫ్యాక్టరీ పెడతారని తెలిసింది. పెట్టేముందు జనం మాట వినాలంట, చట్టం ఉండాదంట. మండలంలో సభ పెడతామని దండోరా వేసినారు.

ఊరంతా కూర్చున్నాము. అందరి మాటా ఒకటే. వద్దు. వేడినీళ్లు సరస్సులోకి వదిలితే రొయ్య పిల్ల చస్తాదని మొగోళ్లు మాట్లాడినారు. పొగ మాట ఎత్తింది మాత్రం మా వదిన, మా అన్న పెండ్లాం. ఆమెకి నోరెక్కువ. వానలు కాలం తప్పినాయి, ఎండకి పడవ చెక్క పగిలిపోతా ఉండాది, ఇప్పుడుండే కుంపట్లు చాలవని ఇంకో కుంపటి నెత్తిన పెట్టేది ఏం గవర్నమెంటు అని తిట్టింది. ఆ మాటే సభలో అడగతాను, నన్నూ తీసకపోండి అని పట్టు పట్టింది.

నేను ఒప్పుకోలా. పది నోళ్లు పది రకాలుగా మాట్లాడితే ఆఫీసర్లు వాళ్లకి పనికొచ్చేది రాసుకుంటారు, ఊరికి ఒకే నోరుండాల అన్నాను. దురాయి వేసినాను. సభకి నేను తప్ప ఎవరూ పోకూడదు. పోయి వద్దని చెప్పి రావాల్సింది నేను. వదిన గొణిగింది గానీ కట్టుబడింది. ఆ పొద్దు నా మనసులో మోసం లేదు. నమ్మితే నమ్ము.

మరి ఏమైంది నాకు? ఇన్నేండ్లుగా నన్ను నేను అడగతా ఉండే ప్రశ్న ఇదే.

జీపు పంపినారు. షామియానా కింద, స్టేజీ మీదనే కుర్చీ వేసినారు. వెనకాల ఫ్యాను. జీవితంలో ఎప్పుడూ ఆఫీసర్ల ముందర కూర్చోని మనిషిని నేను, చెప్పులు వాకిట్లో వదిలి నిలబడేవాణ్ణి. ఒక పెద్ద ఆఫీసరు నా చెవి దగ్గరికి వచ్చి, దేశానికి కరెంటు కావాల పెద్దాయనా, వద్దనేవాళ్లు దేశం బాగుపడేది చూడలేనోళ్లు, నువ్వు అట్లాంటోడివి కాదని నాకు తెలుసు అన్నాడు. తరవాత, మీరు వలలు వేసే నీళ్లు పక్షుల అడవి కిందికి వస్తాయి కదా, అని ఊరికే అడిగినట్టు అడిగినాడు. బెదిరించలా. నవ్వతానే అడిగినాడు. ఆ అడవి చట్టం బయటికి తీస్తే మా వలలు ఆగిపోతాయని ఇద్దరికీ తెలుసు.

మైకు చేతికిచ్చినారు. ఊరు నాకు ఇచ్చి పంపిన మాట ఒకటే ఒకటి. రెండే అక్షరాలు, బరువు కూడా కాదు. అది రాలా. మా ఊరంతా సంతోషంగా ఒప్పుకుంటా ఉండాది సార్ అన్నాను.

చప్పట్లు కొట్టినారు. ఇంకొక సంగతి కూడా దాచను. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. భయపడి ఒప్పుకున్నాను అని చెప్పుకుంటే కొంత మర్యాద దక్కుతాది. భయం ఉన్న మాట నిజమే. కానీ ఆ కుర్చీ, ఆ ఫ్యాను, ఆ చప్పట్లు, పెద్దాయనా అన్న ఆ పిలుపు, ఇవన్నీ కలిసి ఆ పూటకి నన్ను కొనేసినాయి. నా ధర అంతే.

ఊరికొచ్చి ఏం చెప్పినాను? గట్టిగా వద్దని చెప్పినాను, వాళ్లు వినలా అని చెప్పినాను. నమ్మినారు. పెద్దకాపు అబద్ధం చెప్తాడని ఎవరు అనుకుంటారు? చుట్టుపక్కల పల్లెల కాపులు కూడా ఆ పొద్దు స్టేజీ మీద నాలాగే తలలూపినారు. అందుకే ఎవరి గుట్టు ఎవరూ విప్పలా. ఎదురుపడితే వల ధర మాట్లాడుకుంటాము, చేపల మాట మాట్లాడుకుంటాము. ఆ సభ మాట మాత్రం రాదు.

ఫ్యాక్టరీ వచ్చింది. పొగ గొట్టం పైకి లేచింది. ఒక్క గొట్టం వల్లనే లోకం కాలిపోయింది అనేంత ఎర్రివాణ్ణి కాదు. కానీ ఆలోచించినాను. దేశంలో అట్లాంటి గొట్టాలు ఎన్నుండాయి? ఒక్కో గొట్టం కింద ఒక్కో సభ జరిగి ఉంటాది కదా. ఒక్కో సభలో నాలాంటి కాపు ఒకడు ఫ్యాను గాలికి కూర్చోని తలూపి ఉంటాడు కదా. అవన్నీ కూడితే ఏమైతాది?

ఏమైందో నేను కండ్లతో చూసినాను. ఒక ఎండాకాలం మా అన్న ఇసకలో చేపలు ఆరబోస్తా ఆడనే కూలిపోయినాడు. ఒళ్లు ముట్టుకుంటే కాలింది. ఆస్పత్రిలో గుండెపోటు అని రాసినారు. వడదెబ్బ అని రాస్తే ఎండలో చచ్చినోళ్ల లెక్క పెరగతాదంట. లెక్క పెరిగితే పైన అడగతారంట. మనిషిని కాపాడేది చేతగాక, చచ్చినాక వాని చావుకి పేరు మార్చే తెలివి మాత్రం ఉండాది వీళ్లకి.

మరుసటి ఏడు కాలం కాని కాలంలో తుఫాను వచ్చింది. పడవలు రోడ్డు మీదికి ఎక్కినాయి. వదిన ఇంటి బాయిలోకి ఉప్పునీళ్లు చేరినాయి. మొగుడు పోయినాడు, తాగే నీళ్లు కూడా పోయినాయి. అప్పుడు ఢిల్లీ నుంచి కేంద్రం బృందం వచ్చింది. చూసిపోయే బృందం. వదిన వాళ్ల దారికి అడ్డం నిలబడింది.

"ఏం సారూ, ఆ పొయ్యి వద్దని మేము ఆ పొద్దే చెప్పలేదా? మా మరిది నోరు తెరిస్తే అవతలి ఒడ్డుకి వినపడతాది. మీ ఢిల్లీకి వినపడలేదా, చెవుల్లో ఉప్పు పోసుకోని కూర్చున్నారా?"

వెంట వచ్చిన తెలుగాయన ఆ మాటల్ని ఏదో మెత్తగా మార్చి వాళ్లకి చెప్పినాడు. ఆ ఢిల్లీవాళ్లలో ఒకాయన, మీ వాళ్లు ఒప్పుకున్నారనే మాకు తెలుసమ్మా అని చెప్పించినాడు.

వదిన నవ్వింది. కోపంగా నవ్వింది. నా వైపు తిరిగింది.

"సూడు మరిదీ, ఎట్లా అబద్ధాలాడతా ఉండారో. నువ్వు వద్దని చెప్పినావా లేదా? అందరి ముందరా చెప్పు."

"చెప్పినాను వదినా."

అంతే. మొదటి తప్పు స్టేజీ మీద చేసినాను, అది బలహీనత అనుకుందాము. రెండోది మా అన్న పెండ్లాం కండ్లలోకి చూసి చేసినాను. దీనికి ఏం పేరు పెట్టాల? ఢిల్లీవాడు నిజం చెప్తే, వాణ్ణి అబద్ధాలకోరు అని ఊరు తిట్టింది. ఆ పొద్దు ఆ ప్రభుత్వానికి నేనొక్కణ్ణే సాక్షిని. దాని తరఫున నోరు తెరవలా, ఊరి తరఫునా తెరవలా.

అట్లని వాళ్లని వదిలిపెడతానా? పెట్టను. నా తప్పు చాటున వాళ్లని దాక్కోనియ్యను. ఆ పొద్దుకి నేను వేలుముద్ర వేసే మనిషిని. వాళ్లు? వాన ఎప్పుడొస్తాదో, సముద్రం ఎంత వేడెక్కిందో ఆకాశం నుంచి చూసి చెప్పే మిషన్లు ఉండాయి వాళ్లకి. మా పక్కనే రాకెట్లు లేస్తాయి. అన్నీ తెలిసినోళ్లు చదువురాని ముసలోని నోట్లో నుంచి ఒక ఊఁ రాబట్టుకోని, జనం అడిగినారు కాబట్టి కాలస్తా ఉండాము అంటే, అది ప్రభుత్వమా? నిజం కావాల్సినోడు సభ పెడితే కుర్చీ వెయ్యడు, మా ఒడ్డుకొచ్చి ఇసకలో కూర్చుంటాడు.

లోకమంతా చేరిన మీటింగుల్లో మనోళ్లు చెప్పేది టీవీలో చూస్తాను. పొగ తగ్గిస్తాము అంటారు. ఎప్పుడంటే, మా మనవల తల నెరిసే నాటికంట. అందాకా తవ్విన బొగ్గు తవ్వినట్టే, కాల్చింది కాల్చినట్టే. పాత పాపం తెల్లోళ్లదే అంటారు. నిజమే, వాళ్లు ముందు తిన్నారు. వాళ్లు ఊరు తగలబెట్టినారని మన పాకకి మనమే నిప్పు పెట్టుకుంటామా? వాన పడకపోతే ఒక బృందం, ఎక్కువ పడితే ఒక బృందం. పై ఊళ్లలో మామిడి పూత మాడినా, గూడూరు వైపు నిమ్మ రాలినా, మా వల చిరిగినా వచ్చేది బృందమే. పార్టీలు మారినాయి. ఈ పని మారలా.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీని పెంచుతారంట. మళ్లా సభ ఉండాది. ఊరోళ్లు ఇంటికొచ్చినారు. పెద్దకాపూ, ఆ పొద్దు మాదిరే మళ్లా నువ్వే పోయి గట్టిగా చెప్పు, మేమంతా దురాయికి కట్టుబడి ఉంటాము అన్నారు. వదిన కూడా వచ్చింది. ఆమే అందరికంటే ముందు చేతులు జోడించింది.

ఈ రాత పని అందుకే మొదలుపెట్టినాను. సభకి ముందు ఊరిని కూర్చోబెట్టి, దురాయి ఎత్తేసి, ఇది నేనే చదవతాను. వదిన ఏమంటాదో తెలీదు. మొహాన ఉమ్మినా ఉమ్మతాది. నా ఇంటికి అగ్గి ఇయ్యద్దని కాపులే కట్టుబాటు పెట్టినా పెడతారు. పెట్టాల కూడా. క్షమించమని అడగను. మా అన్న లేడు, ఇంకెవరిని అడిగేది? సభకి వదిన పోవాల, నోరుండే ప్రతి ఒక్కరూ పోవాల. వాళ్ల మాటకి అడ్డం లేకుండా పక్కకి తప్పుకోవడమే నాకు మిగిలిన పని.

ఢిల్లీలో ఈ సంగతి రాసుకునేవాడు ఎవడన్నా ఉంటే, నాయనా, సరిగ్గా రాసుకో. మా ఊరు ఒప్పుకోలా. ఒప్పుకున్నది నేనొక్కణ్ణే.