ఏలీయా తాత చేసిన భోజన ప్రార్థన

ఏలీయా తాతకు ఎనభై ఏళ్ళు నిండాయి. గుడివాడలో మాస్టారుగా ఉన్న కొడుకు ప్రేమ్ కుమార్, గూడూరు పక్కనున్న సొంతూళ్ళో షామియానా వేయించి కృతజ్ఞతా కూడిక పెట్టించాడు. ఫ్లెక్సీ నిండా తాత ఒక్కడే, అదీ కోటుతో! పుట్టి బుద్ధెరిగాక ఆయన కోటు తొడిగితేగా!

మైకు అందుకున్న ప్రతివాళ్ళూ ఆయన్ని ఆకాశానికెత్తేశారు. బందరు నుంచి అవనిగడ్డ దాకా గడ్డివామి వేయాలంటే ఏలీయాయే వేయాలట. ఒంటిచేత్తో సంసారం లాక్కొచ్చి, పిల్లల్ని ఉద్యోగస్తుల్ని చేశాడట. తాతకు ఒళ్ళు మండిపోయింది. కింద నుంచి గడ్డి అందించేవాళ్ళు లేకుండా వామి లేస్తుందా? ఆ అందించిన భార్య కృపావతి పక్క కుర్చీలోనే ఉంది. ఆమె పేరు ఒక్కరైనా ఎత్తుతారేమోనని చూశాడు. ఎవరూ ఎత్తలేదు. తనే చెబుదామని మైకు అడిగితే, "నువ్వు కూర్చో నాన్నా, అలిసిపోతావు" అన్నాడు కొడుకు.

అప్పుడు పాస్టరుగారు పెద్ద పొరపాటు చేశారు.

"భోజనాలకు ప్రార్థన తాతగారు చేస్తారండీ" అన్నారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన మధ్యలో ఎంతటివాడైనా అడ్డురాకూడదు మరి! తాత లేచి గొంతు సవరించుకున్నాడు.

"తండ్రీ, నీకు స్తోత్రం. వీళ్ళకి తెలీదుగానీ నీకు తెలుసు. అవనిగడ్డ అవతల చేలో, నిండు నెలలతో నాకు గడ్డి అందించింది మా కృపావతే. నొప్పులొస్తున్నా, వాన పట్టకముందే వామి ముగించమంది. ఆ సాయంత్రమే ఈ ప్రేమ్ కుమార్ పుట్టాడు. పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేస్తే నాకు నామోషీ అని, బొగ్గుముక్కతో గోడమీద సంతకం దిద్దించింది కూడా మా కృపావతే."

బిర్యానీ చల్లారిపోతోంది. పాస్టరుగారు రెండుసార్లు "ఆమెన్" అని అందించి చూశారు. తాత ఆగితేగా!

కృపావతి తల దించుకునే ఆయన పంచె లాగింది. "చాల్లెండి, అందరూ వింటున్నారు."

"వినాలనేగా!" అన్నాడు తాత. "ఈవిణ్ణి నాకిచ్చినందుకు వందనాలు తండ్రీ. ఆమెన్ ఆవిడే చెబుతుంది."

జనమంతా కళ్ళు మూసుకునే ఎదురుచూశారు. కృపావతి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"తండ్రీ, ఆ రోజు ఆ వానలో నన్ను గట్ల వెంట ఆసుపత్రి దాకా మోసుకెళ్ళింది ఈయనే. దారి పొడుగునా ఏడ్చింది కూడా ఈయనే, నేను కాదు. ఆ ముక్క ఎవరికీ చెప్పొద్దని యాభై ఏళ్ళుగా నా నోరు కట్టేశాడు. ఆమెన్."