గాలి పోయేదాకా

విరుదునగర్‌లోని మా చిన్న వర్క్‌షాపు తయారుచేసిన మొదటి పెద్ద యంత్రం, మందు పూసిన అగ్గిపుల్లలను ఆరబెట్టేది. కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ దాన్ని ఒప్పుకుంటే నిలుస్తాం, లేకపోతే షట్టరు దించేస్తాం అన్నాడు వర్క్‌షాపు యజమాని. ఆయన్ని అందరం అన్నా అనేవాళ్లం.

యంత్రం ప్రోగ్రాము అన్నే రాశాడు. అందులో ప్రతి ముక్క పైనా అది చేసే పనిని కామెంటుగా రాసేవాడు. ఆ కామెంట్లను ఏరి పుస్తకంగా కూర్చే సాఫ్ట్‌వేరును నడిపి, మాన్యువల్ అచ్చు వేయించడం నా పని. కామెంట్లన్నీ మా ఇంటి తెలుగే, తమిళ అక్షరాల్లో. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లూ మాలాగే ఇళ్లలో తెలుగు మాట్లాడతారు. బళ్లో నేర్చింది మాత్రం తమిళం.

"మన మాటను అచ్చులో ఎవురన్నా చూసినారా రా?" అంటూ అన్న కళ్లు తుడుచుకున్నాడు. ఇంకు వాసన కూడా ఘాటుగానే ఉందిలెండి.

కోవిల్‌పట్టిలో, యంత్రం నడపబోయే అక్క మాన్యువల్ తెరిచి మొదటి హెచ్చరికను గట్టిగా చదివింది.

"కాలిపోయేదాకా తలుపు తియ్యొద్దు."

ఫ్యాక్టరీ ఓనరు రెండడుగులు వెనక్కి వేశాడు. చుట్టూ ఎటు చూసినా అగ్గిపుల్లలే.

"అంతా కాలిపోయినాక తలుపు తీసి ఏం చేసేది అన్నా? చీపురు కూడా మీరే ఇస్తారా?" అంది అక్క.

"గాలి అమ్మా, గాలి! లోపలి వేడి గాలి బయిటికి పోవాల!" అన్న గొంతు కీచుమంది.

తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. రాసినవాళ్లం కాబట్టి మేం గాలి అనే చదువుకున్నాం. తప్పు ఎవరిదీ కాకుండానే ఫ్యాక్టరీ తగలబడింది, కాగితం మీద.

"ఇంగ్లీసులో రాసి ఎత్తుకొని రాండి. అప్పుడు చూస్తాం" అన్నాడు ఓనరు.

"ఇంగ్లీసు ఎవురు చదివేది మొదలాళీ, మీరా?" అని ఓనరునే అడిగింది అక్క. అన్న వైపు తిరిగింది. "ఆ ఒక్క మాట మార్చన్నా. కాత్తు అని పెట్టు."

కాత్తు అంటే తమిళంలో గాలి. మా ఇళ్లలోనూ ఎప్పుడో దూరింది. అన్న ల్యాప్‌టాప్ తెరిచాడు గానీ, 'గాలి'ని చెరపడానికి చెయ్యి రాలేదు.

"ఒక మాటే కదన్నా, పొలం కాదు" అన్నాను.

"నోరు ముయ్యి రా" అని చెరిపేశాడు.

మళ్లీ సాఫ్ట్‌వేరు నడిపి, ఫ్యాక్టరీ ప్రింటరులోనే ఆ పేజీ తీశాను. అక్క చదివింది. "కాత్తు పోయేదాకా తలుపు తియ్యొద్దు." మళ్లీ ఒకసారి లోలోపల చదువుకుని, స్విచ్చి వేసింది.

"చూస్తా నిలబడితే ఆరతాయా? పుల్లలు ఎత్తుకొని రాండి!"

మొదటి ట్రే ఓనరే అందించాడు.