ఎర్ర చేతులు

పొద్దున్నే మనవడు ఫోనులో సినిమా పెట్టాడు. మొదట దొంగలు, పోలీసులు. సగం నుంచి నెత్తురు తాగే పిశాచాలు. చిన్నప్పుడు వాకాడు టెంటు హాల్లో అలాంటిదే చూశాను.

మర్నాడే, సవతితల్లి దగ్గరున్న నన్ను తీసుకెళ్ళడానికి పెద్దమ్మ వచ్చింది. మోచేతుల దాకా ఎరుపు.

"రా మే, నిన్ను బడికి పంపిస్తా," అంది.

ఆ ఎరుపు నెత్తురనీ, ఆమె పిశాచమనీ అనుకుని, చాపిన చేయి కొరికాను.

"అయితే ఈడ్నే పడి చావు," అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

సవతితల్లి నన్ను బడికి పంపకుండా చేపల వలలకు రంగు వేయించింది. తుమ్మచెక్క ఉడికిన నీళ్ళలో నా చేతులూ ఎర్రబడ్డాక గానీ పెద్దమ్మ పని ఏమిటో తెలియలేదు.

"భయమా అవ్వా?" అన్నాడు మనవడు.

"చార్జింగు దండగ. ఆపి బడికి పో," అన్నాను.